తని వేళకు కాఫీ

రవ్వ వేగుతుండగా విజయదుర్గ అడిగేసింది. పొయ్యి దగ్గర నిలబడి, వెనక్కి తిరక్కుండా అడిగితే మాట తేలిగ్గా బయటికి వస్తుందని ఆవిడకి పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది.

"ఏవండీ, ఎల్లుండి ఉదయలక్ష్మిగారి కచేరీకి నేను హాల్లో కూర్చుంటాను."

విశ్వేశ్వరరావు భోజనాల బల్ల మీద సన్మానాల శాలువాలు పరిచి, ఒక్కొక్కటీ మడతపెట్టి కవర్లలోకి దూరుస్తున్నాడు. రిటైరయ్యాక ఆయనకి కాలనీ సంగీత సభే ఆఫీసు. కార్యదర్శి పదవిలో జీతం లేదుగానీ హడావిడి అంతకు రెట్టింపు ఉంది.

"కూర్చో. ఎవరొద్దన్నారు?"

"మరి తని వేళకు కాఫీ?"

ఆయన చేతిలో శాలువా ఆగింది. కాసేపు ఆలోచించి, తరణోపాయం దొరికినవాడిలా అన్నాడు. "పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చో. పొంగు వచ్చే వేళకి లేచి వెళ్ళొచ్చు."

విజయదుర్గ అట్లకాడతో రవ్వని అటూ ఇటూ తిప్పింది. ఇంతకంటే మంచి ఉపాయం ఆయన నుంచి వస్తుందని ఆవిడా అనుకోలేదు.

కచేరీలో పెద్ద రాగం ఒకటుంటుంది. గాయకురాలు దాన్ని తీరిగ్గా ఆలపించి, అందులో పెద్ద కీర్తన పాడి, మృదంగానికి వదిలేస్తుంది. అప్పుడు మృదంగం ఒక్కటే మోగుతుంది. దాన్ని తని అంటారు. పాపం, మృదంగం ఆయన ప్రాణం పెట్టి వాయించేది అప్పుడే, జనం లేచి ఒళ్ళు విరుచుకుంటూ కాఫీ బల్ల దగ్గరికి వెళ్ళేదీ అప్పుడే. ఊరేదైనా ఇదే తంతు. తని వేళకి కాఫీ అందాలంటే రాగం ఎత్తుకునే వేళకి పాలు పొయ్యెక్కాలి. అందుకే కొత్తపేట రామాలయం హాల్లో ఈ పన్నెండేళ్ళలో ఎవరు ఏ రాగం పాడినా, విజయదుర్గ వేదిక వెనక వంటగదిలో, పొయ్యి బుస మధ్య, పాల మీద ఒక కన్నేసి విన్నది. కచేరీలకి వెళ్ళిందా అంటే, నిరుడు జ్వరమొచ్చిన ఒక్కరోజు తప్ప, అన్నిటికీ వెళ్ళింది. విన్నదా అని ఎవరైనా అడిగితే మాత్రం తెల్లమొహం వెయ్యాలి.

ఉదయలక్ష్మిగారి కాంభోజి రాగం అయితే మూడుసార్లు చేతికందినట్టే అంది జారిపోయింది. బెజవాడలో పెళ్ళికి ముందు విన్నప్పుడు, రాగం మొదలవగానే ఆఖరి బస్సని అన్నయ్య రెక్క పట్టుకుని లేవదీశాడు. సికింద్రాబాదులో ఒళ్ళో కూతురు భావనకి జ్వరం. ఆరేళ్ళ క్రితం ఈ హాల్లోనే పాడితే, గోడకి ఇవతల కొబ్బరి పచ్చడి కోసం మిక్సీ తిరుగుతోంది. ఇప్పుడు ఉదయలక్ష్మిగారికి డెబ్భై దాటాయి. ఈ వేసవితో కచేరీలు మానేస్తున్నానని ఆవిడే చెప్పింది. రికార్డింగుకి ఎప్పుడూ ఒప్పుకోదు, ఫోనుల్లో వెతికినా దొరకదు. ఎల్లుండి విన్నవాళ్ళు విన్నట్టు, లేనివాళ్ళు లేనట్టు.

"పాలు పెట్టి రావడం కాదండీ," అంది రవ్వ దించి. "మొదటినుంచి చివరిదాకా కూర్చుంటాను."

"చూద్దాంలే," అన్నాడు విశ్వేశ్వరరావు. ఆ ఇంట్లో చూద్దాంలే అంటే చూడబోమని అర్థం.

సాయంత్రం శ్రీరామనవమి ఉత్సవాల్లో మొదటి కచేరీ. గజేందర్ మన్సూరాబాద్ నుంచి ఆటోలో స్పీకర్లు వేసుకొచ్చాడు. ఉత్సవాలు మొదలుపెట్టిన నాటి నుంచీ మైకు అతనిదే. వైరు లాగుతూ వంటగదిలోకి వచ్చి, మంచినీళ్ళు అడిగాడు. విజయదుర్గ చెంబుతో నీళ్ళిచ్చి, ఉప్మాలోకి అల్లం తరగడానికి కూర్చుంది. గదిలో ఫ్యాను లేదు. ఏప్రిల్ వేడికి తోడు రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి.

"ఎల్లుండి నేను కుర్చీలో కూర్చుంటున్నాను గజేందర్," అంది, ఎవరికో ఒకరికి చెప్పుకుంటే మాట గట్టిపడుతుందన్నట్టు.

"మంచిదే గదమ్మా. ఇన్నేండ్ల సంది మైక్ వెడ్తున్న, మీరు కుర్చీల కూసున్నది నేనెన్నడు సూడలే." అతను చెంబు కిందపెట్టి గది చుట్టూ చూశాడు. "గింత ఇననీకి మనసుంటే ముందే చెప్పకపోతిరి. ఈడ ఒక చిన్న బాక్స్ వెడ్తుంటి గదా. ఇప్పుడు వెట్టమంటరా?"

"వద్దులే. గోడ ఇవతల విన్నది చాలు. ఎదురుగా కూర్చుని వినాలి."

"అయితే ముందట కూసోన్రి. ఎనకాల కూసుంటే ఫ్యాన్ల సప్పుడే ఇనొస్తది," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఎవరో కుర్రవాడు వయొలిన్ వాయించాడు. రాగం తోడి. తోడి అని విజయదుర్గకి తెలుస్తూనే ఉంది, పాలూ పొంగుతూనే ఉన్నాయి. మృదంగం ఒంటరిగా మోగడం మొదలయ్యేసరికి కాఫీ ట్రే ఎత్తుకుని వెనక బల్ల దగ్గరికి నడిచింది. సభ అధ్యక్షుడు రామస్వామిగారు అందరికంటే ముందు గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకున్నారు. లోపల సంగీతానికి మూసుకోని కళ్ళు అవి.

"అమ్మా, మీ కాఫీ కోసమే సగంమంది వస్తారు. ఉన్నమాట చెబుతున్నా."

ఇదే అదను అనుకుని విజయదుర్గ విషయం చెప్పింది. ఆయన గ్లాసు దించారు.

"నిరుడు మీకు జ్వరమొచ్చినరోజు ఎల్.బి. నగర్ నుంచి కాఫీ తెప్పించాం, గుర్తుందా? కాఫీయా అది, బెల్లం పానకం. రెండో గుక్కకి జనం చెప్పులు వెతుక్కున్నారు. ఇంతకాలం వింటూనే కాచారు, ఈ ఒక్కరోజుకి ఏమైందమ్మా?"

వింటూనే కాచారు. ఆ మాట ఎంత సులువుగా అన్నారో! విజయదుర్గకి ఒళ్ళు మండింది. మొహం మీద మాత్రం నవ్వే ఉంది. చేతిలో ట్రే ఉన్నప్పుడు కోపగించుకోవడం ఎలాగో ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

మర్నాడు తెల్లవారకముందే లేచింది. ఆ రోజు పాడే అమ్మాయికీ పక్కవాద్యాలకీ మధ్యాహ్నం భోజనం తమ ఇంట్లోనే. కార్యదర్శి ఇంట్లో భోజనం పెట్టడం సభ ఆనవాయితీ, కార్యదర్శి వండడు కాబట్టి ఆనవాయితీకి లోటు లేదు. పప్పు కడిగి కుక్కరులో పెడుతుంటే కింద ఫ్లాటు స్వరూపరాణి కరివేపాకు కోసం వచ్చింది. పెద్ద అంబర్‌పేట్ దగ్గర పల్లె వాళ్ళది. ఉన్నమాట మొహం మీదే అనే మనిషి.

"ఏందక్కా, కండ్లు గట్ల ఎర్రగైనయ్? రాత్రి నిద్ర పోలేదా?"

విజయదుర్గ చెప్పింది. కరివేపాకు దూస్తూ స్వరూపరాణి మొత్తం విన్నది.

"గింత దానికి గంత పరేషాన్ ఎందుకు? నేను చేస్త తియ్. నువ్వు పోయి కూసో."

"నువ్వా?"

"ఏం, నాకు చేతుల్లేవా? గానీ ఆ ఫిల్టర్ కాఫీ నాతోని కాదు. జర పల్సనైతే మీవోళ్ళు మూతులు ముడుస్తరు. చాయ్ అయితే ఎంతమందికన్న చేస్త. మా అన్న బిడ్డ పెండ్లిల పొద్దుగూకేదాంక నేనే చేసిన."

సంగీత సభలో చాయ్. విజయదుర్గకి ముందు నవ్వొచ్చింది. తరువాత, ఎందుకు కాకూడదు అనిపించింది.

విశ్వేశ్వరరావుకి చెబితే ఆయనా ముందు నవ్వాడు. సాయంత్రం హాల్లో రామస్వామిగారు నవ్వలేదు.

"కచేరీలో చాయా! రేపు మిరపకాయ బజ్జీలు కూడా పెడదామంటారు."

"పెట్టండి. జనం ఇంకా ఎక్కువ వస్తారు," అంది విజయదుర్గ.

అంత మాట తన నోటినుంచే వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయింది. పెద్దాయన భర్తవైపు చూశారు. విశ్వేశ్వరరావు భార్యవైపు చూశాడు. ఆవిడ ట్రే కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మామూలుగా అయితే ఆయన ఏదో ఒకటి సర్దిచెప్పేవాడే. ఆ కట్టుకున్న చేతులు చూసి, "ఒక్కరోజేగా, కానివ్వండి," అన్నాడు.

"సరే," అన్నారు రామస్వామిగారు, నష్టాన్ని మరోచోట పూడ్చుకునే వ్యాపారిలా. "ఎలాగూ కాఫీ పని తప్పిందిగా. రేపు నవమి. వడపప్పు, పానకంతోపాటు చక్రపొంగలి కూడా చేస్తే నిండుగా ఉంటుంది."

విజయదుర్గ సరేనంది. కుర్చీ దొరికిన సంతోషంలో చక్రపొంగలి బరువు ఆవిడకి తెలియలేదు.

నవమినాడు కోళ్ళు కూయకముందే పెసరపప్పు నానబోసింది. ఆ రోజు నీళ్ళు కూడా సన్నగా వచ్చాయి, బిందె నిండేలోపు బియ్యం కడగడం, బెల్లం కోరడం అయిపోయాయి. బెల్లం కోరుతూ ఒకచోట చెయ్యి ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడి చూసుకుంటే కత్తిపీట ముందే కూర్చుని ఉంది. చన్నీళ్ళతో మొహం కడుక్కుని మళ్ళీ కూర్చుంది. మధ్యాహ్నం ఉదయలక్ష్మిగారూ ముగ్గురు వాద్యకారులూ భోజనానికి వచ్చారు. ఆవిడ కచేరీ రోజు కారం ముట్టదని ముందే కనుక్కుని, మిరియాల చారు, పాలు పోసిన సొరకాయ కూర, నెయ్యి వేసిన ముద్దపప్పు చేసింది. ఉదయలక్ష్మిగారు మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కూర్చుని, కొంచెం కొంచెంగా తిన్నారు.

"సాయంత్రం వస్తారా అమ్మా?" అని అడిగారు, చెయ్యి కడుక్కుంటూ.

"వస్తానండీ. కాంభోజి పాడతారా?"

పెద్దావిడ ఆమెవైపు కొత్తగా చూశారు. "అడిగి పాడించుకునేవాళ్ళు తగ్గిపోయారు. పాడతాను. గొంతు ఎంతవరకు వస్తే అంతవరకు."

వాళ్ళు వెళ్ళాక కాసేపు నడుం వాల్చుదామనుకుంది. మంచం మీద కూర్చోగానే రామస్వామిగారి ఫోను. ముఖ్య అతిథి వెంట మరో పదిమంది వస్తున్నారట, పానకం పెంచాలట. పెంచింది. చక్రపొంగలి పెద్ద గిన్నెకెత్తి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని హాలుకి తెచ్చింది. వంటగదిలో స్వరూపరాణి అప్పటికే నీళ్ళు మరగబెట్టి, యాలకులు దంచుతోంది.

"ఈ గిన్నెలు గూడ నేను జూస్త. నువ్వు ఇంకోపారి ఈ అర్రలకు వొస్తే ఊకోను," అని ఆవిడని భుజం పట్టి బయటికి నెట్టింది.

విజయదుర్గ బాత్‌రూములోకి వెళ్ళి, సంచిలో తెచ్చుకున్న వెంకటగిరి చీర కట్టుకుంది. రెండో వరుసలో, నడిమికి దగ్గరగా కూర్చుంది. పన్నెండేళ్ళుగా తుడిపించిన కుర్చీయే. కూర్చుంటే వేదిక ఇంత దగ్గరగా కనబడుతుందని ఇప్పుడే తెలిసింది. ఉదయలక్ష్మిగారి చేతి గాజులు కనబడుతున్నాయి. తంబూరా మీటే అమ్మాయి గోళ్ళు కనబడుతున్నాయి. గజేందర్ మూలనుంచి చూసి, తల ఊపాడు.

వర్ణం అయింది. చిన్న కీర్తన ఒకటి అయింది. మూడోది సగంలో ఉండగా హాలు తలుపు దగ్గర అలికిడి. ఎల్.బి. నగర్ చౌరస్తాలో ఇరుక్కున్న ముఖ్య అతిథి చేరుకున్నారు. కీర్తన ముగియగానే విశ్వేశ్వరరావు మైకు తీసుకున్నాడు. శాలువాలు, దండలు, ఫోటోలు. ఫోటో సరిగా రాలేదని ఒక దండ మళ్ళీ తీసి మళ్ళీ వేశారు. ముఖ్య అతిథి తనకి సంగీతం తెలియదంటూనే దాని గురించి చాలాసేపు మాట్లాడాడు. ఉదయలక్ష్మిగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని, చల్లారిపోతున్న గొంతుతో ఓపిగ్గా కూర్చున్నారు. విజయదుర్గకి ఆ మైకు లాక్కోవాలనిపించింది. కానీ కూర్చుంది. కూర్చోవడమే ఇవాళ ఆవిడ పని.

అతిథి వెళ్ళాడు. ఆయన వెంట పదిమందీ వెళ్ళారు. హాలు కుదుటపడింది. తంబూరా మళ్ళీ మోగింది.

ఉదయలక్ష్మిగారు కళ్ళెత్తి రెండో వరుసలోకి చూశారు. కాంభోజి ఎత్తుకున్నారు.

గొంతు పాతదే. అంచులు అరిగాయి, పైకి వెళ్ళేటప్పుడు కొంచెం వణుకు. కానీ ఆ మొదటి పలుకు విజయదుర్గ గుండెల్లో దిగబడింది. బెజవాడలో అన్నయ్య చెయ్యి పట్టుకున్నప్పుడు వెనక వదిలేసి వచ్చిన పలుకు అదే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇదిగో, ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, అనుకుంది. స్వరం మెట్టు మెట్టుగా ఎక్కుతోంది. పాలు పొంగుతాయేమోనని ఒక్కసారి ప్రాణం ఉలిక్కిపడింది. లేదు, ఇవాళ పాలు తనవి కావు. భుజాలు మెల్లగా జారాయి. మూడు రోజులుగా బిగిసివున్న మెడ కుర్చీకి ఆనింది. దీపాల వెలుతురు అడ్డం వస్తుంటే, బాగా వినడానికి కళ్ళు మూసుకుంది. పై షడ్జం దగ్గర ఆ గొంతు నిలబడింది. నిలబడి, కొంచెం దూరం జరిగినట్టు, పక్క గదిలోంచి వస్తున్నట్టు...

చప్పట్లు.

విజయదుర్గ కళ్ళు తెరిచింది. చుట్టూ జనం నిలబడి ఉన్నారు. చాలామంది చేతుల్లో ఖాళీ కాగితం గ్లాసులున్నాయి. వేదిక మీద మృదంగం ఆయన వాద్యానికి గుడ్డ తొడుగుతున్నాడు. ఒకాయన పక్కాయనతో, "చాయ్ అదిరింది సుమండీ, యాలకులు వేసినట్టున్నారు," అంటున్నాడు. తన పక్క కుర్చీలో ఎవరో ఒక గ్లాసు పెట్టి వెళ్ళారు. మీద మీగడ కట్టింది. వేలుతో ముట్టుకుంది. చల్లగా ఉంది.

ఆ చల్లదనం వేలికి తగిలాక అంతా అర్థమైంది. రాగం అయిపోయింది. కీర్తన అయిపోయింది. తని అయిపోయింది. మంగళం కూడా అయిపోయింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి.

ఉదయలక్ష్మిగారు శిష్యురాలి భుజం పట్టుకుని దిగి, తిన్నగా ఆవిడ దగ్గరికే వచ్చారు. రెండు చేతులూ పట్టుకున్నారు.

"అందరూ లేచి తిరుగుతున్నా, మీరొక్కరూ కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నారమ్మా. మిమ్మల్ని చూసే చివరిదాకా పాడాను. లేకపోతే మధ్యలో ఆపేసేదాన్ని."

వెనక విశ్వేశ్వరరావు ఆ మాట విని, ఛాతీ విరిచాడు. విజయదుర్గ నోరు తెరిచింది. ఆ ముసలి కళ్ళలో వెలుగు చూసి మూసుకుంది. వంగి పాదాలకి దణ్ణం పెట్టింది. "భోజనానికి రండి," అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్న విశ్వేశ్వరరావు ఫోనులో ఉన్నాడు. మూడో ఫోను అది.

"... అవునండీ, మా ఆవిడే! ఆవిడంత తన్మయంగా విన్నవాళ్ళు లేరని సాక్షాత్తూ ఉదయలక్ష్మిగారు... ఇన్నేళ్ళ కోరిక, తీరింది..."

విజయదుర్గ హాలు నుంచి తెచ్చిన గిన్నెలు తుడిచి బోర్లించింది. రామాలయం వంటగది తాళంచెవి కొంగు ముడి విప్పి తీసి, బల్ల మీద, ఆయన ముందు పెట్టింది. ఆయన ఫోను పెట్టేసేదాకా నిలబడింది.

"నేను వినలేదండీ."

"ఏంటి?"

"కాంభోజి. ఆవిడ మొదలుపెట్టగానే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి జనం లేచి నిలబడ్డారు."

విశ్వేశ్వరరావు నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి మధ్యలో ఆగిపోయాడు. ఎర్రబడిన కళ్ళు, కిందికి జారిన బుగ్గలు. అవి నిన్నా మొన్నా కూడా అలాగే ఉండి ఉండాలి.

"అయ్యో," అన్నాడు. "నేను వెనక నిలబడ్డాను. పక్కన కూర్చుని ఉంటే లేపేవాణ్ణి కదా దుర్గా."

"లేపడానికి మనిషి అక్కర్లేదండీ," అంది విజయదుర్గ. గొంతులో కోపం కూడా లేదు. "ముందురోజు పడుకోనిచ్చే మనిషి కావాలి."

ఆయన తాళంచెవి వైపు చూశాడు.

ఆవిడ ముందుగదిలోకి వెళ్ళి, దివాను మీద దిండు సర్దుకుని పడుకుంది. ఎండ కిటికీలోంచి పాదాల మీద పడుతోంది. ఆయన లేచి వెళ్ళి కర్టెను లాగాడు. వంటగదిలోకి వెళ్ళాడు, కాఫీ ఫిల్టరు ఏ అలమరాలో ఉంటుందో తెలియక రెండు తలుపులు తీసి చూశాడు. అడుగుదామని వచ్చేసరికి ఆవిడ నోరు కొంచెం తెరుచుకుని, గాఢంగా నిద్రపోతోంది.

బల్ల మీద ఫోను మోగింది. ఆయన పరుగులాంటి నడకతో వెళ్ళి, రెండోసారి మోగేలోపు అందుకున్నాడు.

"విశ్వేశ్వరరావు గారూ," అన్నారు అవతల రామస్వామిగారు. "పదకొండింటికి సమీక్షా సమావేశం, గుర్తుందిగా? ఎప్పటిలా మీ ఇంట్లోనే. ఇవాళైనా అమ్మగారి చేతి కాఫీ..."

"మీ ఇంట్లో పెట్టండి," అన్నాడు విశ్వేశ్వరరావు, గొంతు బాగా తగ్గించి.

"అదేంటి? మాట సరిగ్గా వినబడటం లేదు. గట్టిగా చెప్పండి."

"గట్టిగా మాట్లాడలేనండీ," అన్నాడాయన. "మా ఆవిడ పడుకుంది."